కోలాటం చీర

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా ఇంట్లో ఆ సామెతకి పనిలేదు. మా అత్తగారు కొట్టరు, మా తోడికోడలు నవ్వదు. అయినా నాకు ఏడుపొస్తుంది. ఆ నవ్వేదేదో ఒక్కసారి నవ్వితే నాలుగు తిట్టుకుని ఊరుకుందును.

మా మరిది బడిపంతులు. బదిలీ మీద సొంతూరొచ్చి మా పక్కవాటాలో దిగాడు. అంతకుముందు తోడికోడలంటే నాకు పండగకో పెళ్లికో కనబడే మనిషి. ఇప్పుడు పొద్దున్న లేస్తే ఆమె ముఖమే. ఆ ముఖం కంటే ముందు ఆమె చీర కనబడుతుంది నాకు.

అత్తగారు మా వాటాలోనే ఉంటారు. కాఫీ నాది, పులుసు నాది, కాళ్ల నొప్పులకి కొబ్బరినూనె రాసేది నేను. కాపురానికొచ్చిన కొత్తలో పట్టుచీర కట్టుకుని ఎదురుగా నిలబడితే పైనుంచి కిందదాకా చూసి, "చీర మంచిదే" అన్నారు. అంతే. అప్పట్నుంచి ఎన్ని కట్టినా చీరనే అంటారు గానీ నన్ననరు. "రంగు బాగుంది", "అంచు పెద్దది", "దీనికెంత పోసేవేంటి?" అంటారు. ఆవిడ నోట "బాగున్నావే" అనే మాట ఒక్కసారి వినాలని నా కోరిక. ఇంత వయసొచ్చాక అదేం కోరికని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మా తోడికోడలు ఊళ్లో దిగిన వారానికి, బండారులంక నేతచీర ఒకటి కట్టుకుని, పెరుగు గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. బూడిదరంగు చీర, సన్నంచు. నేనైతే మడత కూడా విప్పించను అలాంటిదాన్ని. అత్తగారు మంచం మీంచే చూసి, "ఎంత బాగున్నావే అమ్మాయ్" అన్నారు. నేను పొయ్యి దగ్గరున్నాను. పోపు మాడింది. ఆ పూట ఎవరూ పప్పు సరిగ్గా తినలేదు, ఎందుకని ఎవరూ అడగనూ లేదు.

నాకు చీరలు లేక కాదు. మా బీరువా తలుపు మోకాలితో నెడితే గానీ పడదు. ఆషాఢం వస్తే అమలాపురంలో ఏ షాపు వాళ్లు తగ్గింపు బోర్డు పెట్టినా ముందుండేది నేను. ఎదురింటావిడ కొన్న రకం నాకూ ఉండాలి, వీలైతే ఇంకో రంగులో ఉండాలి. శుభకార్యాల్లో పెట్టుబడికొచ్చినవి, తగ్గింపులో తెచ్చినవి, పెళ్లికని కొని పెళ్లినాటికి మొహం మొత్తినవి, అన్నీ ఉన్నాయి. కట్టుకుందామని తీస్తే ఒకటి జాకెట్టు లేనిది, ఒకటి గుచ్చుకునేది, ఒకటి నేను సన్నగా ఉన్నప్పుడు కొన్నది. చివరికి ఆ నాలుగు చీరలే తిప్పి తిప్పి కడతాను.

ఆమె బీరువా ఒకసారి చూశాను. చూశానంటే, తలుపు తీసుంటే కళ్లు మూసుకోలేదు. సగం ఖాళీ. ఉన్న చీరలన్నీ కట్టే ఆడమనిషిని మొదటిసారి చూడటం. ఆ బూడిదరంగు చీర మూడోసారి కట్టినా వీధిలోవాళ్లు "కొత్తదా అండీ?" అని అడుగుతారు. నా కొత్త చీర మడత నలగకుండా కట్టుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చినా, "ఎక్కడికండీ వెళ్లొచ్చేరు?" అంటారే తప్ప చీర మాటెత్తరు. కడుపు మండదూ?

ఆమె కొనే తీరే వేరు. బీరువా తెరిచి చూసుకుని, ఏం కావాలో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరుతుంది. నేను షాపులో కూర్చున్నాక తేల్చుకుంటాను. రద్దీ లేని పొద్దున్న పూట, అన్నం తిని వెళుతుంది. ఏ జాకెట్టు మీదకి చీర కావాలో ఆ జాకెట్టే తొడుక్కుని వెళుతుంది. నచ్చిన చీర భుజాన వేసుకుని గుమ్మంలోకి నడుస్తుంది, ఎండలో రంగు చూడటానికి. కొంగు గుప్పిట్లో నలిపి వదులుతుంది. తడి రుమాలుతో అంచు మీద రుద్దుతుంది. అన్నీ అయ్యాక, "రేపటికి కూడా గుర్తుంటే వచ్చి తీసుకుంటానండి" అని లేచిపోతుంది. షాపాయన, "ఆయ్, అలాగేనండి, పక్కన పెడతాను" అంటాడు. నేను కొనకుండా లేస్తే అదే మనిషి చీరలు ఠపఠపా మడతపెడతాడు. ఇదెక్కడి న్యాయమో నాకర్థం కాదు.

ఇలా ఉండగా కోలాటం వచ్చింది. ఇప్పుడు మా వైపు కోలాటం లేని ఊరు లేదు. మా వీధి ఆడవాళ్లమూ సాయంత్రాలు నేర్చుకుంటున్నాం. గురువుగారు అంబాజీపేట నుంచి మోటార్‌సైకిల్ మీద వస్తారు. వాడపల్లి వెంకన్న దగ్గర ఒక శనివారం ఆడే అవకాశం వచ్చింది. అది మా అత్తగారి ఏడు శనివారాల మొక్కులో చివరి వారం. ఆవిడా వచ్చి కూర్చుని చూస్తారు. నన్ను గురువుగారు ముందు వరసలో ఒక చివర నిలబెట్టారు. గొప్పకి చెప్పుకోవడం కాదు గానీ, అడుగు తప్పను. తోడికోడలు కొత్తగా చేరింది కాబట్టి వెనక వరస.

కోలాటానికి అందరికీ ఒకే చీర ఉండాలి. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చీరల్లో తేడా లేనప్పుడు అత్తగారు ఇంక చీరనేమంటారు? మనిషినే అనాలి. ఒకే చీరలో మేమిద్దరం ఉంటే, ముందున్నది నేను. ఆ మాట ఈసారైనా నాకు దక్కాలి. వెంకన్నకి మొక్కుకున్నాను కూడా.

ఇదివరకు వీధిలో ఎవరింట శుభకార్యమైనా చీరలకి నన్నే తీసుకెళ్లేవారు. ఈసారి, "మీ తోడికోడళ్లిద్దరూ వెళ్లిరండి, ఫోటోలు గ్రూపులో పెట్టండి" అన్నారు. ఇద్దరూ అన్న మాట దగ్గరే నాకు మండింది. అయినా పైకి ఇకిలిస్తూ ఆటో ఎక్కాను.

అమలాపురంలో షాపాయన చాలా రకాలు పరిచాడు. నాకు చూడగానే ఒకటి నచ్చింది. రాణీ రంగు, ఒళ్లంతా జరీ మెరుపు, దీపాల కింద తళతళ. ఆమె ఏరింది మామిడిపండు రంగు, ఎర్రంచు, నూలు కలిసిన చీర. తర్వాత ఏం చేసిందనుకున్నారు? ముందు నా చీర, తర్వాత తన చీర ఒంటికి చుట్టుకుని, షాపు మధ్యలో చేతులు పైకెత్తి, లేని కర్రలు కొట్టి, గిర్రున తిరిగి, కూర్చుని లేచింది. అదే నేను చేస్తే పగలబడి నవ్వేవారు. ఆమె చేస్తే బేరాలాపి చూశారు.

"చేతులెత్తితే మీరు తీసింది పైట జారుతోందక్కా. చెమట పడితే ఒంటికి అంటుకుంటుందేమో కూడా," అంది.

"పిన్నీసులు లేవా ఏంటమ్మా?" అన్నాను.

"ఆయ్, అదీ నిజమేనండి," అంది. వాదించదు. వాదిస్తే బాగుండును.

ఫోటోలు పెట్టాం. ఫోన్‌లో ఆమె చీర బడి యూనిఫాంలా కనబడింది. నాది ధగధగలాడింది. గ్రూపులో బొటనవేలి బొమ్మలన్నీ నా చీరకే వచ్చాయి. గెలిచానని ఆమె ముఖం చూశాను, మాడిందేమోనని. "బాగుందక్కా, ఇదే తీసుకుందాం" అని, ప్రతి చీరా మడత విప్పించి చూడటం మొదలుపెట్టింది. ఒకదానికి పోగు లాగేసి ఉంది. ఇంకొకటి పక్కన పెట్టి చూస్తే రంగు తేడా. రెండూ మార్పించింది. నేనైతే కట్ట కట్టించి తెచ్చేసుందును. "అమ్మగారికి చీరలు బాగా తెలుసండి" అన్నాడు షాపాయన, ఆమెతో. చీర నాది, మెప్పు ఆమెది.

చీరలోకి లంగాలు కూడా అక్కడే తీసుకున్నాం. అందరికీ రంగు కలిసే శాటిన్‌వి తీయించాను. ఆమె మాత్రం తనకి దళసరి నూలుది తీసుకుంది. "జారే చీర కిందకి జారేది వేస్తే నిలబడదేమోనక్కా," అంది. లోపలిది ఎవరికి కనబడుతుందిలెమ్మని నేను వినిపించుకోలేదు.

శనివారం వ్యాను మాట్లాడుకుని వెళ్లాం. వాడపల్లిలో ఇసకేస్తే రాలని జనం. అత్తగారిని దర్శనం చేయించి, పందిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆవిడకి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది అవ్వాలి. దూరం నుంచి చీరలు తెలుస్తాయి గానీ ముఖాలు ఆనవు. మేం వ్యాను వెనక ఒకసారి ఆడి చూసుకుందామని కర్రలు తీశాం. రెండో చుట్టుకే ఒకావిడ పైట జారింది. ఇంకొకావిడ కుచ్చెళ్లు కాళ్ల కిందకొచ్చాయి. ఎండకి చీరలు ఒళ్లకి అతుక్కుపోయాయి.

"ఎవరు తీసేరమ్మా ఈ చీరలు?" అంది ఒకావిడ, ఎవరు తీసేరో తెలిసే.

నేను వినబడనట్టు కర్రలకి కట్టిన గజ్జెలు సర్దుకున్నాను. మీ బొటనవేళ్లు కావూ అవి, అందామని నోటిదాకా వచ్చింది. అంతా నా తోడికోడలి చుట్టూ మూగారు. ఆమె పిన్నీసుల డబ్బా తెచ్చింది. ఒక్కొక్కరినీ వ్యానెక్కించి, కిటికీలకి తువ్వాళ్లు కట్టి, మళ్లీ మొదటినుంచి కట్టింది. అదే రాణీ రంగు చీర ఆమె ఒంటిమీద మాత్రం కదలకుండా ఉంది. నేను వెళ్లలేదు. చచ్చినా వెళ్లకూడదనుకున్నాను. అలా అనుకుంటూ రెండడుగులు వేశానో లేదో, నా కుచ్చెళ్లు నా కాలికిందే పడి బొడ్డు దగ్గరనుంచి ఊడొచ్చాయి. అంతమందిలో చీర రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను.

ఆమె చూసి, ఏమీ అడక్కుండా నన్ను వ్యానెక్కించింది. సంచీలోంచి ఇంకో నూలు లంగా తీసింది. ఆమెకి సరిపోయే కొలత కాదది.

"మీకోసమే తెచ్చేనక్కా. అవసరం పడుతుందేమోనని," అంది.

అంటే ఇంట్లో బయల్దేరినప్పుడే తెలుసన్నమాట నా గతి ఇలా అవుతుందని. తెలిసి, నన్ను ఒక్క మాటనకుండా, నా కొలత లంగా వెతికి కొని, మడిచి తెచ్చింది. దెప్పితే దులిపేసుకుందును. ఇలాంటి మంచితనాన్ని ఏం చేసుకోను? చీర కట్టడమూ ఆమెకే వచ్చి, కొనడమూ ఆమెకే వచ్చి, మంచితనం కూడా ఆమె దగ్గరే ఉంటే ఇంక నాకు మిగిలిందేమిటి? పళ్లు బిగించి చేతులెత్తాను. ఆమె నా చుట్టూ తిరిగి కట్టింది. పైటకి భుజం దగ్గర ఒకటి, వెనక ఒకటి, కుచ్చెళ్లకి లోపలినుంచి ఇంకొకటి పిన్నీసు పెట్టింది.

అబద్ధం ఎందుకు, ఆ రోజు నేను బాగా ఆడాను. కొంగు చూసుకోలేదు, కుచ్చెళ్లు సర్దుకోలేదు. ఒంటిమీద చీర ఉందన్న ధ్యాసే లేదు. గురువుగారు పాట వేగం పెంచినా ఒక్క దెబ్బ తప్పలేదు. అత్తగారున్న పందిరివైపు తిరిగినప్పుడల్లా ఆవిడ కుర్చీలో ముందుకి వంగి చూడటం కనబడింది. అప్పుడే అనుకున్నాను, ఇవాళ ఆ మాట వస్తుందని.

ఆట అయిపోయాక చెమటలు తుడుచుకుంటూ ఆవిడ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"అందరివీ ఒకటే చీరలైనా మన చిన్నకోడలి కట్టు వేరేనే," అన్నారు. "ముందు వరసలో, ఈ చివర. కుచ్చెళ్లు కదిలితే ఒట్టు. ఎంత బాగుందో కళ్లకి."

ముందు వరసలో ఆ చివర ఉన్నది నేను.

"అది అక్కండి అత్తయ్యగారూ," అంది తోడికోడలు. "నేను వెనక వరసలో ఉన్నానండి."

అత్తగారు నావైపు తిరిగారు. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, మంచి కన్ను ఆనించి నా కుచ్చెళ్లు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశారు.

"నువ్వా?" అన్నారు. "మరి ఎవరు కట్టేరే నీకు?"

ఇంత ఆడితే, ఇంత నిలబడితే, ఆవిడ అడిగింది అది. తోడికోడలు నా పక్కనే ఉంది. మిగిలిన పిన్నీసులు ఇంకా ఆమె పైటకొంగుకే గుచ్చి ఉన్నాయి.

"నేనే కట్టుకున్నానండి," అన్నాను.

చుట్టూ మా వీధివాళ్లున్నారు. నేను వ్యానెక్కడం చూసినవాళ్లే అందరూ. ఎవరో గొంతు సవరించుకున్నారు. నేను ఎవరి ముఖమూ చూడలేదు.

"ఆయ్, తనే కట్టుకున్నారండి," అంది మా తోడికోడలు.

అత్తగారు నా బుగ్గ పుణికారు. "బాగున్నావే," అన్నారు.

కాపురానికొచ్చిన నాటినుంచి కాచుకుని కూర్చున్న మాట అది. చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు. నేను అబద్ధమాడి తెచ్చుకున్నదాన్ని ఆమె ఒక్క "ఆయ్"తో నాకు వదిలేసింది, తనకి అలాంటివి రేపూ ఎల్లుండీ వస్తూనే ఉంటాయన్న ధీమాతో. అప్పటికే అత్తగారి చెప్పులు వెతికి ఆవిడ కాళ్ల దగ్గర పెడుతోంది. ఆ పూట ఆమె మీద కలిగినంత కుళ్లు నాకు జన్మలో ఎవరి మీదా కలగలేదు.