వెనక మడుల్లో పోయని నీళ్లు

వికారాబాద్ కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి వేసవిలో, మార్చి మొదటి వారంలో, నన్ను తాండూరుకు ఉద్యాన అధికారిగా బదిలీ చేశారు. పండ్లు, కూరగాయలు, పూల సాగుకు సంబంధించి కొన్ని మండలాల బాధ్యత చూసే ఉద్యోగం అది. నా పైన వికారాబాద్‌లో జిల్లా అధికారి ఉండేవారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ల సర్వీసు ఉంది. మొక్కలకు నీళ్లు పోయడం గురించి ఇంకా నేర్చుకోవలసింది ఉందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని.

తాండూరు పోస్టుతోపాటు ఊరి శివారులోని ఒక చిన్న నర్సరీ కూడా నా కిందికి వచ్చింది. ఆ ఏడు దానికి అప్పగించిన పని ఒకటే. మృగశిర కార్తె నాటికి బొప్పాయి మొక్కలు పెంచి, బంట్వారం వైపు గ్రామాల్లో ఇంటికి మూడేసి పంచాలి. ఒక్కటే ఇస్తే అది మగ మొక్క కావచ్చు, కాయదు. అందుకని మూడు.

బొప్పాయి విత్తనాన్ని అడుగున చిల్లులున్న పాలిథిన్ సంచుల్లో వేస్తారు. సంచిలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపాలి. అలా నింపిన సంచులను వరసగా పేర్చిన చోటును మడి అంటారు. మాకు ఎనిమిది మడులు ఉండేవి. గేటుకూ ఆఫీసు గదికీ మధ్య ఆరు, మోటారు గది వెనక రెండు. వికారాబాద్ వైపు నుంచి ట్రాక్టర్లో తెప్పించిన ఎర్రమట్టి ముందున్న మూడు మడులకే సరిపోయింది. మిగిలిన అయిదింటికీ పక్క చేలోని నల్లరేగడి వాడుకోమని నేనే అనుమతి ఇచ్చాను. సీజను ముంచుకొస్తోంది, మట్టి కోసం కూర్చుంటే విత్తనం ఆలస్యమవుతుంది. అది తప్పుడు నిర్ణయం కాదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు ఆ తరువాత జరిగింది.

నర్సరీలో నీళ్లు పోసే పని బీరప్పది. యాభై దాటిన మనిషి. కొడంగల్ దగ్గరి పల్లె నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చేవాడు. వాళ్లది గొర్రెల మంద ఉన్న కుటుంబం. మంద అన్నదమ్ములకు వదిలి, అతను పదకొండేళ్లుగా ఇక్కడ మస్టర్ మీద, అంటే రోజువారీ హాజరు పట్టీ మీద, పనిచేస్తున్నాడు. తల్లి పుట్టిన ఊరు కర్ణాటక సరిహద్దుకు అవతల కావడం వల్ల సంచులను కన్నడంలో లెక్కపెట్టేవాడు. మాతో మాత్రం తెలుగే, అదీ తక్కువ.

చేరిన వారంలోనే నేను ఒక అట్ట మీద సూచనలు రాసి ఆఫీసు గది గోడకు తగిలించాను. ప్రతి సంచికీ ఉదయం ఆరు గంటలకు ఒకసారి, సాయంత్రం అయిదు గంటలకు ఒకసారి నీళ్లు పోయాలి. ఎండలో పోయరాదు. పోసినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఎండలో పోస్తే ఆకు మీది నీటిబొట్టు భూతద్దంలా పనిచేసి ఆకును కాలుస్తుందని చదువుకునే రోజుల్లో విన్నాను, రైతు శిక్షణల్లో ఎన్నోసార్లు చెప్పాను. అలా కాలిన ఆకును ఒక్కసారైనా చూశానా అని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఏప్రిల్ రెండో సగంలో ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం రెండయ్యేసరికి మొక్కల ఆకులు వాలిపోతున్నాయి. వాలితే దాహమే అనుకున్నాను. పదకొండు గంటలకు మూడో తడి కూడా ఇవ్వమని ఆదేశించాను. ఎండలో పోయరాదన్న నా సూచననే నేను దాటాను కాబట్టి, ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయమన్నాను. వారం తిరక్కుండానే ముందు వరసలోని మూడు నల్లమట్టి మడుల్లో ఆకులు పసుపెక్కాయి. మట్టి ఆనుకున్న చోట కాండం మెత్తబడి మొక్కలు ఒరిగిపోవడం మొదలైంది. ఎర్రమట్టి మడులకు ఏమీ కాలేదు. వెనక మడుల వైపు నేను సరిగా వెళ్లనే లేదు. ఆఫీసు గది నుంచి అవి కనిపించవు.

మే మొదటి వారంలో జిల్లా అధికారి తనిఖీకి వచ్చారు. ముందు మడుల్లో చచ్చిన మొక్కలను చూశారు. నేరుగా మోటారు గది వెనక్కి నడిచారు. అక్కడ సంచుల్లో మట్టి పైన ఎండి పగుళ్లు తేలి ఉంది. మిట్టమధ్యాహ్నం కావడంతో ఆకులు వేలాడుతున్నాయి. రిజిస్టర్ తెప్పించారు. రోజుకు మూడుసార్లు నీళ్లు పోసినట్టు బీరప్ప సంతకాలున్నాయి.

"ఇక్కడ ఇయ్యాల నీళ్లు పోసినవా?" అని అడిగారు.

"లే సార్."

"మరి ఈ సంతకం?"

బీరప్ప వంగి ఒక సంచి మీద చెయ్యి పెట్టాడు.

"ఎన్ని రోజులైంది పోయక?"

"మొన్న ఒకపారి పోసిన సార్. అండ్ల ఇంక తడి ఉన్నది."

నెర్రెలిచ్చిన మట్టి ఎదురుగా కనిపిస్తుంటే ఆ మాట అబద్ధంలాగే వినిపించింది. ఈ నిర్లక్ష్యమే ముందు మడులను కూడా చంపిందని ఆయన తేల్చారు. మూడు రోజుల్లో నివేదిక పంపమని, బీరప్ప పేరు మస్టర్ నుంచి తీసెయ్యమని చెప్పి జీపెక్కారు. నేను సరేనన్నాను. నాకూ అలాగే అనిపించింది. పైపెచ్చు నా ఆదేశాన్ని పాటించలేదన్న కోపం కూడా ఉంది.

జీపు వెళ్లాక మిగతా పనులన్నీ ముగించి, సాయంత్రం అయిదింటికి బీరప్పను పిలిచాను. చెప్పిన పని ఎందుకు చెయ్యలేదని గట్టిగానే అడిగాను. అతను తువ్వాలతో ముఖం తుడుచుకుని, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మేడమ్, మీరు సూసే మడులల్ల మీరు చెప్పినట్టే పోసిన. గా ఎనక మడులల్ల నాకు తెల్సినట్టు పోసిన. ఒక్కపారి వచ్చి సూడుండ్రి. గవి బతికే ఉన్నయ్."

వెళ్లి చూశాను. మధ్యాహ్నం వేలాడిన ఆకులు చదునుగా లేచి నిలబడి ఉన్నాయి. ఒక్క చుక్క నీళ్లు పోయకుండానే లేచాయి. రోజంతా నీళ్లు తాగిన ముందు నల్లమట్టి మడుల్లో మాత్రం లేచిన ఆకు లేదు.

బీరప్ప వంగి రెండు సంచులు తీశాడు. ఒకటి వెనక మడిది, ఇంకొకటి ముందున్న నల్లమట్టి మడిది. రెండు చేతుల్లో ఎత్తి చూడమన్నాడు. పైకి ఎండినట్టున్న సంచి నేను అనుకున్నంత తేలికగా లేదు. ముందు మడిది రాయిలా బరువుంది.

"గొర్రెపిల్లను ఎత్తుకుంటే తల్లి పాలు తాగిందా లేదా చేతికి తెల్వదా మేడమ్? సంచి గూడ గంతే. బరువుంటే ఇడిసిపెట్టాలె, అల్కగైతే పొయ్యాలె."

ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పిన మేడమ్. మొలకలొచ్చినప్పుడే చెప్పిన, నల్లమట్టికి గన్ని నీళ్లు వద్దని. మీరు బోర్డు సూడుమన్నరు."

నాకు గుర్తుంది. ఫోన్లో మాట్లాడుతూ, చేత్తో గోడ వైపు చూపించాను.

మర్నాడు ఉదయం రెండు రకాల సంచులనూ బ్లేడుతో నిలువునా కోయించాను. వెనక మడి సంచిలో పైన రెండు వేళ్ల మందం మట్టి ఎండి ఉంది. దాని కింద తడి ఉంది, తెల్లని వేళ్లు అడుగుదాకా పాకి ఉన్నాయి. ముందు మడి సంచిలో మట్టి బురద ముద్దలా ఉంది. వేళ్లు గోధుమ రంగుకు తిరిగాయి, పట్టుకుంటే తొక్క ఊడి వస్తోంది, కుళ్లు వాసన. దీన్నే మేము వేరుకుళ్లు అంటాం. వేరుకు నీళ్లు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. నల్లరేగడి నీటిని పట్టుకుని వదలదు, మట్టిలోని గాలి సందులన్నీ నిండిపోతాయి. కుళ్లిన వేరు నీళ్ల మధ్యే ఉన్నా నీళ్లు పీల్చలేదు, అందుకని ఆకు వాలుతుంది. వాలిన ఆకును చూసి నేను మరిన్ని నీళ్లు పోయించాను. ఇవన్నీ కాలేజీలో చదివినవే. అయినా నా నర్సరీలో కళ్లెదుట జరుగుతుంటే గుర్తు పట్టలేదు.

జిల్లా అధికారికి ఫోన్ చేసి నివేదికకు పది రోజులు గడువు అడిగాను. కూలీని కాపాడాలని చూస్తున్నారా అన్నారు. కారణం తెలుసుకోవాలని చూస్తున్నానన్నాను. అయిష్టంగానే ఒప్పుకున్నారు.

ఆ పది రోజులూ నా ఉద్యోగంలో నేను బాగా ఇష్టపడి పనిచేసిన రోజుల్లో కొన్ని. కూరగాయల దుకాణం నుంచి ఒక చిన్న తూకం యంత్రం అడిగి తెచ్చుకున్నాను. వెనక మడి నుంచి ఆరోగ్యంగా ఉన్న సంచులు తీసి మూడు వరసలు పెట్టాం. మొదటి వరసకు గోడ మీద రాసినట్టు రోజుకు రెండుసార్లు. రెండో వరసకు సంచి తేలికైనప్పుడే. మూడో వరసకు కూడా తేలికైనప్పుడే, కానీ మిట్టమధ్యాహ్నం, ఆకులు తడిసేలా. మూడో వరస నా కోసం. ఆకులు కాలుతాయని నేనూ, కాలవని బీరప్పా పందెం వేసుకున్నంత పని చేశాం. "పగటి పూట వాన కొట్టి మల్ల ఎండ కాస్తది గద మేడమ్, అప్పుడు చెట్లన్ని కాలిపోతున్నయా?" అన్నాడు.

రోజూ ఉదయం బీరప్ప చేత్తో ఎత్తి బరువో తేలికో చెప్పేవాడు, తరువాత నేను తూచేదాన్ని. నాలుగో రోజు నుంచి తూకం కేవలం నా తృప్తి కోసమే సాగింది.

ఆ రోజుల్లోనే తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసే ఇంటి ఇల్లాలు శారదమ్మ, ఆటోలో గులాబీ కుండీ పెట్టుకుని వచ్చింది. "కింద గులకరాళ్లు ఏసిన మేడమ్, నీళ్లు జల్ది దిగుతయని. అయినా చచ్చిపోతున్నది" అంది. కుండీ బోర్లించి చూశాం. రాళ్లకు పైనున్న మట్టి పిండితే నీళ్లు కారేలా ఉంది, కింద రాళ్లు దాదాపు పొడిగా ఉన్నాయి. సన్నని మట్టి పూర్తిగా నిండి పొంగేదాకా నీళ్లను రాళ్లలోకి వదలదు. రాళ్లు వేసినందువల్ల వేళ్లకు చోటు తగ్గింది, తడి మట్టి వేళ్లకు ఇంకా దగ్గరైంది. కుండీకి చిల్లు ఉంటే చాలునని, రాళ్లు తీసేసి మట్టిలో ఇసుక కలపమని చెప్పాను. రాళ్లు వేయమని ఆమెకు ఎవరు చెప్పారో అడిగాను. అందరూ అట్లనే ఏస్తరు అంది. నేనూ మా ఇంట్లో అలాగే వేశానని ఆమెతో అనలేదు.

ఎనిమిదో రోజున మొదటి వరసలో అడుగు ఆకులు పసుపెక్కాయి. రెండో వరస పచ్చగా ఉంది. మూడో వరస కూడా అంతే పచ్చగా ఉంది, ఒక్క ఆకూ కాలలేదు. తెల్లని మచ్చలు కొన్ని కనిపిస్తే గెలిచాననుకున్నాను. బీరప్ప తడిబట్టతో తుడిస్తే పోయాయి. మా బోరు నీళ్లలోని ఉప్పు అది. మధ్యాహ్నం పోస్తే నీళ్లు కొంత ఆవిరై వృథా అవుతాయి, నష్టం అంతవరకే. ఎర్రమట్టి సంచులను కూడా తూచి చూశాం. అవి నిజంగానే పూటపూటకూ తేలికవుతున్నాయి. అంటే నా బోర్డు మూడు మడులకు సరైనదే. అయిదింటికి కాదు.

నివేదికలో జరిగింది జరిగినట్టు రాశాను. నల్లమట్టికి అనుమతించింది నేను, ఆ మట్టికి తగినట్టు తడులు మార్చనిది నేను, మూడో తడి పెంచింది నేను. బీరప్ప పోయని నీళ్లకు పోసినట్టు సంతకం పెట్టిన మాట నిజం. నల్లమట్టి మడుల్లో అతను అలా చేసినవే బతికిన మాట కూడా నిజం. కాగితం తీసుకుని వికారాబాద్ వెళ్లాను. జిల్లా అధికారి రెండుసార్లు చదివారు. ఇలా రాస్తే మెమో మీకే వస్తుందని తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. కోసి తెచ్చిన రెండు సంచులను బల్ల మీద పెట్టాను. ఆయన వేళ్లను చేత్తో పట్టుకుని చూశారు, వాసన చూశారు. బీరప్పను ఉంచుకోండి, రిజిస్టర్ మాత్రం మార్చండి అన్నారు.

మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చాను. హెచ్చరికతో ముగిసింది. చచ్చిన మూడు మడులకు మళ్లీ విత్తనం వేశాం. దాంతో బంట్వారం వైపు కొన్ని ఊళ్లకు మొక్కలు మృగశిరకు అందలేదు, శ్రావణంలో అందాయి. ఆలస్యానికి ఊరి వాళ్ల మాటలు నేను పడ్డాను.

పేరు మస్టర్లో ఉంటుందని బీరప్పకు చెప్పాను. "మరి ఇగ సంతకం ఎట్ల పెట్టాలె మేడమ్?" అని అడిగాడు. ఇద్దరం కూర్చుని కొత్త రిజిస్టర్ గీశాం. తెల్లవారి చూసినప్పుడు ఆకు నిలబడి ఉందా, వాలి ఉందా. సంచి బరువా, తేలికా. పోశామా, లేదా. మధ్యాహ్నం వాలిన ఆకు సాయంత్రం లేస్తే అది ఎండకు తలవంచింది అంతే. తెల్లవారి కూడా వాలి ఉంటే అప్పుడు సంచి ఎత్తి చూడాలి. తేలికగా ఉంటే దాహం, బరువుగా ఉంటే వేరుకు జబ్బు. పోయలేదు అని రాసి సంతకం పెట్టే వీలు ఆ రిజిస్టర్లో మొదటిసారి వచ్చింది.

ఆ తరువాత పదవీ విరమణ దాకా పనిచేసిన ఏ నర్సరీలోనూ నేను నీళ్లకు గంటలు నిర్ణయించలేదు. మొక్కకు నీళ్ల అవసరం మట్టిని బట్టి, వేరును బట్టి, ఆ రోజు ఎండను బట్టి వస్తుంది. ఇది వృత్తికి సంబంధించిన పాఠం. రెండోది ఉద్యోగానికి సంబంధించింది, అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టింది. ఆ రిజిస్టర్లోని తప్పుడు సంతకాలు బీరప్పవే అయినా, వాటిని పెట్టించింది నేను. నిజం చెప్పడానికి వచ్చిన మనిషిని బోర్డు చూడమంటే, ఆ తరువాత అతను మనకు చెప్పేది బోర్డులో ఉన్నదే.