పంటిలో మిగిలిన ఫైలు మొన

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను సత్తెనపల్లిలో టీచరుగా పనిచేసేదాన్ని. కింది దవడ పన్ను పుచ్చి నొప్పి చెవి దాకా పాకింది. పీకించుకుందామనే వెళ్లాను. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టరమ్మ నాకంటే బాగా చిన్నది. "పీకడం ఎంతసేపండీ. రూట్ కెనాల్ చేసి నిలబెడదాం" అంది.

మత్తు సూది పడ్డాక దవడ నాది కాకుండా పోయింది. మిరప కోతల కాలం. కిటికీలోంచి ఎండతో పాటు ఘాటు వస్తోంది. ఎక్కడి నుంచో వచ్చిన పత్తి నూగు ఫ్యాను కింద దిగకుండా తేలుతోంది. ఆమె సూదిలాంటి, మెలి తిరిగిన ఫైలుతో పంటి వేరు లోపల గీకుతుంటే, పక్కింట్లో ఎవరో గిన్నె తోముతున్నట్టు వినిపించింది. ఆ నూగులాగే తేలిపోతున్నట్టు కళ్లు మూతలు పడ్డాయి.

ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది. కళ్లు తెరిచాను. ఆమె ఎక్స్‌రే తీసి, తడి ఆరని ఫిల్ము వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. బూడిదరంగు వేరులో వెంట్రుకంత తెల్లని గీత.

"మేడం, ఫైలు మొన విరిగి లోపల ఉండిపోయిందండి. మీకు చెప్పకుండా పైన మూసెయ్యలేను."

"ఇప్పుడేమవుతుందమ్మా?" నా మాట ముద్దగా వచ్చింది.

"ఆ ముక్క ఉన్నా ఫర్వాలేదండి. దాని కింద ఇన్ఫెక్షన్ మిగిలితేనే ఇబ్బంది. బలవంతంగా లాగితే వేరు పగులుద్ది. పక్కనుంచి దారి దొరుకుద్దేమో చూస్తా. దొరక్కపోతే గుంటూరులో మా సార్ దగ్గరికి నేనే తీసుకెళ్తా."

కోపం రావాల్సింది. ఆమె నుదుటి మీద చెమట చూశాక రాలేదు.

ఆ రోజుకు మందు పెట్టి పంపింది. మరుసటి వారం ఆమె ప్రతి ఫైలునూ దీపం కింద తిప్పి చూసింది. మెలి సడలినట్టున్న ఒకదాన్ని పారేసింది. అన్నిటికంటే సన్నటి కొత్త ఫైలు కొస కాస్త వంచి, మందునీళ్లు పోస్తూ, తోసీ తొయ్యనట్టు కదిపింది. ఎంతసేపో తెలియదు. నేను మళ్లీ ఆ తేలికలోకి, నిద్రకీ మెలకువకీ నడుమకి జారిపోయాను.

"ముక్కను దాటిందండీ" అంది గుసగుసగా.

ఆ మొనను అక్కడే ఉంచి, వేరును కొస దాకా శుభ్రం చేసి మూసేసింది. కొన్నాళ్లకు మళ్లీ ఎక్స్‌రే తీస్తే వేరు కింద ఇన్ఫెక్షన్ తాలూకు నల్లటి నీడ చాలావరకు చెరిగిపోయింది.

"నములుతున్నారా ఆ వైపు?"

"పొద్దున్నే చేగోడీలు తినొచ్చాను."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి, ఎన్నాళ్ల తర్వాతో ఊపిరి తీసుకున్నట్టు నవ్వింది.