బ్రహ్మస్థానంలో వాలుకుర్చీ

రోహిణి ఉద్యోగం నిలబడాలంటే సోమవారం పొద్దున తొమ్మిదింటి కాల్‌లో ఆమె గొంతు తెగిపోకూడదు. అప్పటికే రెండు కంప్లైంట్లు పడ్డాయి. మూడోది పడితే ఇంటి నుంచి పని చేసే వీలు రద్దు. రోజూ కోకాపేట ఆఫీసుకు వెళ్లాలి. మదీనాగూడ నుంచి ఆ ట్రాఫిక్‌లో పోనూ రానూ మూడు గంటలు. బిడ్డకు తొమ్మిది నెలలు, ఇంకా తల్లిపాలు మానలేదు. వెళ్లాలా మానాలా అని ఆలోచించేదేమీ లేదు. ఉద్యోగం మానడమే.

కంప్లైంట్లు ఆమె పని మీద కాదు. ఇన్సూరెన్స్ క్లెయిములు ఆరేళ్లుగా చూస్తోంది, తప్పు పట్టినవాళ్లు లేరు. కంప్లైంట్లు ఆమె ఇంటి సిగ్నల్ మీద. అద్దెకు తీసుకున్న అంతస్తులు ఖాళీ చేసిన కంపెనీలు ఆఫీసును తెచ్చి మన పడకగదుల్లో పెట్టాయి. కుర్చీ మనది, కరెంటు మనది, గోడ అడ్డమొస్తే తప్పు కూడా మనదే. ఆ ఇంట్లో ఆడమనిషి కూర్చోవడానికి జాగా ఉందా అని అడిగిన ఫారమ్ ఒక్కటీ లేదు. టీమ్ లీడ్ ప్రియదర్శిని మర్యాదగానే చెప్పింది: "మీ వాయిస్ మధ్యమధ్యలో మింగేసినట్టు వస్తోందండి. క్లయింట్ ఊరుకోరు. ఏదో ఒకటి చూసుకోండి."

చూసుకోవడానికి ఇల్లు ఆమెది కాదు. మామ వీరేశం ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి, నూట ఇరవై గజాల్లో కట్టుకున్న ఇల్లది. ప్రతి గోడా తొమ్మిదించులు, ప్రతి మూలా వాస్తు. నెట్ కనెక్షన్ పెట్టిన రోజు, రూటర్ కరెంటుతో నడిచే వస్తువు కాబట్టి అగ్నిదేవుడి మూలలోనే ఉండాలని ఆయన తేల్చేశాడు. ఆగ్నేయంలో ఉన్నది వంటిల్లు. అలా రూటర్ ఫ్రిజ్ మీదికెక్కి, పప్పుల స్టీలు డబ్బాల వెనక కూర్చుంది. దసరా ఆయుధపూజకు దానికీ బొట్టు పెట్టారు. రోహిణి పని చేసే గది సరిగ్గా ఎదురు మూల, వాయవ్యంలో. మధ్యలో రెండు గోడలు, బాత్రూము, ఒక ఇనప బీరువా.

భర్త నరేందర్ తండ్రికి ఎదురు చెప్పడం తప్ప అన్నీ చేశాడు. ముందు స్పీడు పెంచే ప్లాన్ తీసుకున్నాడు. ఫ్రిజ్ ముందు నిలబడితే వేగం రెట్టింపయింది, గదిలో మాత్రం సిగ్నల్ ఎప్పటిలా ఒక్క గీతే. తర్వాత సిగ్నల్ పెంచే డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, సిగ్నల్ రాని గదిలోనే గుచ్చాడు. తనకే అందని సిగ్నల్‌ను అదెక్కడి నుంచి తెచ్చి పెంచుతుంది? బోరు ఎండిపోతే కొత్త మోటారు దించినట్టయింది. కాల్ తెగింది, మొదటి కంప్లైంటు పడింది. నరేందర్ ఇంకా పెద్ద డబ్బా ఆర్డర్ పెడతానన్నాడు.

రోహిణి లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, కుక్కర్ విజిళ్ల మధ్య నాలుగు రోజులు పని చేసింది. ఎదురుగా కనబడుతోంది కాబట్టి ఇంట్లో అందరికీ ఆమె ఖాళీగా ఉన్నట్టే లెక్క. చాయ్ అడిగారు, నీళ్లు అడిగారు. ఐదో రోజు ఎవరో పాలు వేడి చేసుకుందామని మైక్రోవేవ్ నొక్కగానే, దాని తరంగాలు సిగ్నల్‌ను కమ్మేసి కాల్ పోయింది. అది రెండోది.

శనివారం కేబుల్ లైన్‌మన్ లింగమూర్తి వచ్చాడు. ఇల్లంతా ఒకసారి తిరిగి, రూటర్‌ను హాల్లో, ఇంటి నడుమ, గోడకు ఎత్తున బిగిస్తే అన్ని గదులకూ అందుతుందని చెప్పాడు. వీరేశం ఒప్పుకోలేదు. ఇంటి నడుమ బ్రహ్మస్థానం, అక్కడ ఏమీ పెట్టరాదు.

లింగమూర్తి ఇలాంటి ఇళ్లు వంద చూసినవాడు. రోహిణిని పక్కకు పిలిచి ఉపాయం చెప్పాడు. సిగ్నల్ గాలిలో వస్తుంది, వాయవ్యం వాయుదేవుడిది, కాబట్టి రూటర్ అక్కడే ఉండాలని ఎవరో సిద్ధాంతి అన్నాడని చెబితే పెద్దాయన తానే మోసుకొచ్చి పెడతాడట.

"నాకు పని చేసుకునే జాగా అడగనీకి గూడ అబద్ధం చెప్పాల్నా, అన్నా?" అంది రోహిణి.

నేరుగా మామ దగ్గరికే వెళ్లింది. సోమవారం కాల్ తెగితే తన ఉద్యోగం పోతుందని, రూటర్ జరపమని అడిగింది. కోపం లేకుండానే విన్నాడాయన.

"అమాస దాటనియ్యి, బిడ్డా. పంతులును అడిగి జరుపుదం."

అమావాస్య బుధవారం. నరేందర్ ఫోన్లోకి చూస్తూ నిలబడ్డాడు. అంతలో అత్త సీతాబాయి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ముప్పై ఏండ్లాయె నేను ఆగ్నేయంల నిలవడి. నాకైతే ఎన్నడు ఏ సిగ్నల్ రాలే," అంది మొగుడితో. "నా వంటింట్ల ఆ డబ్బ పెట్టేటప్పుడు నన్నడిగినవా? ఇగ తీసుడు నేనే తీస్త."

"తీసి నడిమిట్ల పెట్టొద్దే. బ్రహ్మస్థానం ఖాళీగుండాలె."

"ఖాళీ యాడుంది? నువ్వు గూసున్నదేంది మరి?"

అందరూ చూశారు. హాలు సరిగ్గా నడుమ, ఫ్యాన్ కింద, వీరేశం వాలుకుర్చీ. రిటైరైన నాటి నుంచి అక్కడే ఉంది. దాని మీద డెబ్బై ఐదు కిలోల వీరేశం. ఆయన కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించాడు గానీ లేవలేదు. లింగమూర్తి దాన్నే అనుమతిగా తీసుకుని, రూటర్‌ను హాలు గోడకు బిగించడానికి డ్రిల్లు బయటికి తీశాడు.

సోమవారం నలభై నిమిషాల కాల్. వాయవ్యం గదిలో మూడు గీతలు. ఒక్క మాట కూడా తెగలేదు. ముప్పై ఐదో నిమిషంలో మామ తలుపు తోసుకుని లోపలికి తల పెట్టి, చాయ్ పెడతావా బిడ్డా అన్నాడు. అది కూడా ఎక్కడా తెగకుండా సింగపూర్‌లోని క్లయింట్ దాకా చేరింది. చాయ్ అన్న మాట పట్టుకుని అతను నవ్వి, మీకు వేరే పనేదో వచ్చినట్టుందన్నాడు. రోహిణి తనకున్న పని ఇదేనని చెప్పి, మిగిలిన ఐదు నిమిషాలూ పూర్తి చేసింది.

మూడో కంప్లైంటు పడలేదు. పాత రెండూ ఆమె పేరు మీద అలాగే ఉన్నాయి, వాటిని తీసే పద్ధతి కంపెనీలో లేదట.

సాయంత్రం ఆమె వడ్రంగిని పిలిపించి, గది తలుపుకు లోపలి వైపు గడియ పెట్టమంది. ఏ ముహూర్తానికి బిగిస్తున్నారని వీరేశం వాలుకుర్చీలోంచి అడిగాడు. ఇప్పుడే అంది రోహిణి.