జూమ్‌లో రెండు తలలు

మా తాతగారి కాలంలో జంగ్లీఘాట్ రేవులో పడవల్లో సగం మావే. నాకిప్పుడు మిగిలింది పక్షుల ఫొటోల కోసం కొన్న సూపర్‌జూమ్ కెమెరా. నిరుడు గాలివాన వెలిసిన సాయంత్రం జెట్టీ మీద పోలమ్మ నన్ను ఆపింది. ఆమె భర్త, ఇద్దరు మరుదులు చేపల వేటకెళ్లిన చిన్న డింగీ పడవ ఇంకా రాలేదు.

"జల్దీ సూడండి బాబూ, ముగ్గురూ అగుపడతన్నారా?"

జూమ్ పూర్తిగా లాగితే, కంటికి చుక్కలా ఉన్న డింగీ ఎదుటికొచ్చింది. అందులో రెండు తలలే ఉన్నాయి. పగలు పిట్ట ఈకలు కూడా లెక్కపెట్టించే కెమెరా, ఆ మసకవెలుగులో ముఖాలను మచ్చలు చేసేసింది.

"చీకటమ్మా, తెలియడం లేదు" అంటూ ఆమె వైపు చూడకుండా కెమెరా దించాను.

"తెలీకపోతే నా మొగం సూడరేటి బాబూ?"

డింగీ ఒడ్డు చేరేదాకా ఆమె పక్కనే నిలబడ్డాను. ఆమె భర్త అందులో లేడు.

దూరానున్నది అందరికంటే ముందు చూడగలగడం గొప్పనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం తర్వాత అనుకోలేదు.