మిగిలితేనే వేసుకున్న మాత్రలు

మా ఆవిడ బాలమణి జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, మింగలేక తీసేసింది. నాలుక మీద తెల్లటి పూత. "కారం ఎక్కువైంది, గంతే" అంది. ఆ పూట రొట్టెలోకి పెరుగే ఉంది. నాకు భయం మొదలైంది.

మా ఇద్దరికీ హెచ్ఐవీ ఉంది. ఏళ్లుగా ఏఆర్‌టీ మాత్రలతో మామూలుగానే బతుకుతున్నాం. తాండూరులో బండల మిల్లులో కొలతలు, లెక్కలు నా పని. తెలిసినవాళ్లు చూస్తారని రైల్లో వికారాబాద్ దాటి పోయి మందులు తెచ్చుకుంటాం. నాకు సెలవు దొరకదు కాబట్టి ఇద్దరివీ బాలమణే తెచ్చేది. ఈ మధ్య ఆ సర్కారు సెంటర్‌లో స్టాక్ లేక సగం నెలకే ఇచ్చేవారు. మళ్లీ పోతే ఒక్కోసారి వట్టిచేతులే. అయినా నా డబ్బా ఎప్పుడూ ఖాళీ కాలేదు.

టెస్టుల్లో ఆమె సీడీ4, అంటే రోగాన్ని ఆపే కణాల లెక్క, పడిపోయింది; వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్, పెరిగింది. "మాత్రలు మానేశావామ్మా?" అన్నాడు డాక్టర్.

"మానలే సారూ. ఆయనకు పెట్టినంక మిగిలితే ఏసుకున్న."

"ఇది అన్నం కాదమ్మా."

"ఎండల పనిచేసేటోడు పడిపోతే ఎట్ల? నేను ఇంట్లనే ఉంట గదా." నా వైపు చూసి, "ఫీట్లు లెక్కపెడ్తడు సారూ, గోలీలు లెక్కపెట్టడు" అంది. డాక్టర్ నవ్వలేదు.

మధ్యమధ్య ఆపడంతో వైరస్‌కు రెజిస్టెన్స్ వచ్చి పాత మందు ఇక పనిచేయదని, ఆమెకు సెకండ్ లైన్ అనే రెండో రకం మందులు మొదలుపెట్టారు. కళ్లు పచ్చబడ్డాయి. మందు గుణమే అన్నారు.

నెలకు సరిపడా ఎందుకివ్వలేదని అడిగితే, "పై నుంచి ఫండ్స్ వస్తే మేం ఆపుతమా అన్నా?" అన్నాడు సెంటర్ కౌన్సిలర్. సెకండ్ లైన్ ఖరీదు చాలా ఎక్కువట, అదీ జీవితాంతం. ఆ సగం నెల మాత్రలు ఆపి సర్కారు మిగుల్చుకున్నదెంత, ఇప్పుడు పెట్టాల్సిందెంత అని లెక్క కట్టాను. లెక్క తేలింది. ఎవరికి చూపాలో తేలలేదు.

ఇప్పుడు నాలుక బాగుంది. వైరల్ లోడ్ మళ్లీ చూడాలి, టెస్టు కిట్లు లేవంటున్నారు. ఎదురుచూస్తున్నాం.

ఇంట్లో ఇద్దరు వాడేవాళ్లుంటే ఒకరి ముందు ఒకరు మింగండి. తక్కువైతే పంచుకోకండి, అయిపోకముందే కౌన్సిలర్‌కు చెప్పండి. వేరే సెంటర్ నుంచి తెప్పించే వీలుంటుంది.

మేమిద్దరం ఇప్పుడు ఒకేసారి వేసుకుంటున్నాం. అన్నం మాత్రం బాలమణి ఇంకా నా తర్వాతే తింటుంది. ఎంత చెప్పినా వినదు.