మేడమీద ఇటుకల గీత

ఆ రోజుల్లో మారేడ్‌పల్లిలో ఏ సందులో చూసినా పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ లేపడమే. ఆ దుమ్ముకి దగ్గు వదిలేది కాదు గానీ, నాకు ఇటుకలు మాత్రం ఊరికే దొరికేవి. కుంచె పట్టుకుని గీత గీయడం మీద అప్పటికే విసుగు పుట్టింది. ఒక్కొక్క ఇటుకా మోసుకెళ్ళి, మేడమీద మెట్లగది దగ్గర్నుంచి పిట్టగోడ వైపు ఒకే వరసలో పేర్చాను. సిమెంటు లేదు, రంగు లేదు. నేలమీద ఒక గీత, అంతే నా బొమ్మ.

మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేసిన తువ్వాలు కోసం రోజూ దాన్ని గెంతి వెళ్తూ, "అయిపోయిందా, ఇంకా కట్టేదుందా?" అనేవాడు. ఒళ్ళు మండేది. ఎవరో ఒక్కరు దాన్ని బొమ్మ అంటే చాలనిపించేది. ఆ ఆశతోనే బంజారాహిల్స్‌లో గ్యాలరీ నడిపే ఆవిడని కాళ్ళావేళ్ళా పడి ఆదివారం రమ్మన్నాను.

ఆ పొద్దున్న పైకి వెళ్ళి చూద్దును కదా, గీత మధ్యలో ఇటుకలు లేవు! అల్వాల్‌లో ఆడపడుచు ఇంట్లో వారం ఉండి ముందురోజే వచ్చిన మా అత్తగారు పాతచీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టేసింది. చీర మూలమూలా నా ఇటుకలే.

"నా ప్రాణానికి ఇవే దొరికాయా అత్తయ్యా?" అని అరిచాను.

"ఓలమ్మ, నాలుగిటికలు తీస్తే ఏటైపోనాదే? ఊరికే పడున్నాయి గదాని తీసినాను." శ్రీకాకుళం వదిలి ఏళ్ళయినా ఆవిడ యాస మారలేదు.

"పడున్నవి కావు, నేను చేసిన బొమ్మ అది! చూడ్డానికి మనుషులొస్తున్నారు!" అంటూ ఇటుకలు లాక్కుని మళ్ళీ గీతలో పేర్చాను. గాలికి చీర లేచి తడి వడియాలన్నీ ఓ పక్కకి ముద్దయిపోయాయి. ఆవిడ చీర సర్దుకుని మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకుంది.

గ్యాలరీ ఆవిడ వచ్చింది, చూసింది. "లైన్ బాగుందండీ. కానీ మా కస్టమర్లు సోఫా పైన ఏం పెట్టుకోవాలి? కొంచెం కలర్ ఉంటే..." అంది. దిగిపోతూ వెనక్కి తిరిగి, "ఆ వడియాలు ఎండాక కాసిని ఇస్తారా?" అని అడిగింది. తల ఎక్కడ బాదుకోవాలో తెలీలేదు.

సాయంత్రం ఆ ఇటుకలన్నీ మూలకి పారేద్దామని పైకెళ్ళాను. అప్పుడే అత్తగారు బట్టలు తియ్యడానికి వచ్చింది. బట్టల తీగ గీతకి అవతల ఉంది. ఆవిడ ఇటుకల పక్కనే పిట్టగోడ దాకా నడిచి, చివర మిగిలిన ఇరుకు సందులోంచి అడ్డంగా దూరి అవతలికి వెళ్ళింది. భుజం నిండా బట్టలతో మళ్ళీ అలాగే వచ్చింది.

"ఆ మోకాళ్ళతో అంత చుట్టు దేనికత్తయ్యా? దాటి రావచ్చుగా!" అని మళ్ళీ విసుక్కున్నాను.

"పొద్దుట ఇటికలనుకున్నాను గదే. నువ్వు సేసిన బొమ్మ అని తెలీదు," అంది, మెట్లు దిగుతూ. "బొమ్మని దాటుతారేటి?"