గుట్ట మీద ఐదుగురు, కాగితం మీద ఏడుగురు

ఖమ్మంలో డ్రాయింగ్ టీచర్‌గా పదేళ్లుగా పిల్లలకు మనిషి బొమ్మ కొలతలు నేర్పుతున్నాను. దుమ్ముగూడెంలో ఉద్యోగం చేసే మా తోడల్లుడు ఒకరోజు ఫోన్ చేసి, "మా దిక్కు గుట్ట మీద ఎప్పటివో మనుషుల బొమ్మలున్నయ్. నువ్వు గీసేటివాటికన్నా మంచిగున్నయ్" అన్నాడు. రోషం వచ్చింది. 2004 జనవరిలో రెండో శనివారం చూసుకుని కెమెరాతో బయలుదేరాను.

తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కితే కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరేసరికి తొమ్మిదయింది. అక్కడ ఇడ్లీ తిని దుమ్ముగూడెం జీపెక్కాను, కిరాయి పదిహేను రూపాయలు. గంట తర్వాత డ్రైవర్ ఒక గూడెం దగ్గర దించి, "సోమయ్యను తోలుకపో సార్, ఆయన లేకుంటే తొవ్వ దొరకది" అన్నాడు. సోమయ్య అరవై దాటిన కోయ రైతు. మిరప చేలో పని ఆపి, భార్యతో కోయలో ఏదో చెప్పి నా ముందు నడిచాడు. గుట్ట పైకి గంటన్నర పట్టింది.

చరియ కింద జానెడేసి ఎర్రటి మనుషులు, చేతులు పట్టుకుని వరుసగా ఐదుగురు. ముక్కూ మొహం లేవు. మోకాళ్ల వంపు చూస్తే చాలు, ఆడుతున్నారని తెలిసిపోతోంది. నేను నేర్పే కొలతలేవీ అక్కడ లేవు. నిజం చెప్పాలంటే సిగ్గేసింది.

రంగు మసకగా ఉంది. తడిపితే ఫోటో బాగా వస్తుందని ఎవరో చెప్పింది గుర్తొచ్చి నీళ్ల సీసా మూత తీశాను. సోమయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"పొయ్యకు సారూ. ఎనకట ఫోటోలోళ్లు గిట్లనే పోసిన్రు. ఆ పూట ఎర్రగ మెరిసినయ్. పోంగ పోంగ తెల్లటి పొర కమ్మింది." వరుస చివర తెల్లటి మరక చూపించాడు. "ఈడ ఇంకిద్దరుండె. బిందెతోని నీళ్లు మోసుకొచ్చింది నేనే."

మూత పెట్టేసి, పుస్తకం తీసి ఆ ఐదుగురినీ గీశాను. సోమయ్య రాయిని తాకకుండా వేలితో గాలిలో చూపిస్తూ పోయిన ఇద్దరూ ఎలా ఉండేవాళ్లో చెప్పాడు, వాళ్లనూ గీశాను. "అట్ల కాదు, ఆ చివరామె సంకల పిల్లగాడుండె" అని రెండుసార్లు దిద్దించాడు. అయ్యాక ఆ కాగితం అడిగాడు. "ఏడుగురుండిరి అంటే మా గూడెంల నమ్ముతలేరు."

చించి ఇచ్చేశాను. నా ఫోటోలన్నీ మసకగానే వచ్చాయి, తోడల్లుడు తనివితీరా నవ్వాడు. ఆ బొమ్మలు గీసిన చేతుల గురించి నాకేమీ తెలియదు గానీ, నా చేయి మాత్రం వాటిని చెరపబోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. వెళ్లేవాళ్లు సాయంత్రం ఐదులోపు రోడ్డుకు దిగండి, తర్వాత జీపులుండవు. బొమ్మలు కనబడలేదని రాయిని తడపకండి. నీడలో పది నిమిషాలు ఊరికే కూర్చోండి, కళ్లు అలవాటు పడ్డాక ఒక్కొక్కరే కనిపిస్తారు.